డెస్క్‌టాప్ మీద 312 ఫైళ్లు, మౌస్ పట్టలేని చేతులు: ఒక కేస్ స్టడీ

చేతులు సహకరించని వాళ్లకు కంప్యూటర్ వాడకం నేర్పించడం నా పని. కొందరిని ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదిచ్చేవాళ్లు) పంపిస్తారు, కొందరు నేరుగా వస్తారు. ఈ కేసులో మొదటి రెండు వారాలు నేను తప్పు దారిలో నడిచాను. ఎందుకు తప్పానో తెలిశాక, అంతకుముందు నేర్పించిన మరో ముగ్గురి విషయంలోనూ అదే పొరపాటు చేశానని అర్థమైంది. అందుకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. పుస్తకాల రాతప్రతులు దిద్దడం, ప్రూఫులు చూడడం ఆమె వృత్తి. రెండు మణికట్లలోనూ నరం నొక్కుకుపోయే ఇబ్బంది ఉంది, కార్పల్ టన్నెల్ అంటారే, అది. కుడి చేతికి ఆపరేషన్ అయింది. ఎడమ చేతికి ఇంకా కాలేదు. కీబోర్డు మీద పది నిమిషాలు పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మౌస్ అయితే అంతసేపు కూడా పట్టలేరు. అందులోనూ బటన్ నొక్కిపట్టి లాగే పని, అంటే డ్రాగ్, అసలు చేయవద్దని థెరపిస్టు చెప్పారు.

కంప్యూటర్ విండోస్ 11. దాంట్లో నోటి మాటతో కంప్యూటర్‌ను నడిపించే వాయిస్ యాక్సెస్ అనే సదుపాయం ఉంది, 2022లో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో మొదలైంది. విండోస్ విస్టా రోజుల నుంచి ఉన్న పాత స్పీచ్ రికగ్నిషన్ స్థానాన్ని ఇప్పుడు ఇదే తీసుకుంది. ఒకసారి భాషకు సంబంధించిన ఫైలు దించుకుంటే ఆ తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మాటను గుర్తించే పనంతా ఆ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. ఇంకా అచ్చు కాని రాతప్రతులు చేతిలో ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "నేను మాట్లాడింది ఎక్కడికైనా పోతుందా?"

ఆజ్ఞల భాషల్లో తెలుగు లేదు. ఇంగ్లిష్‌లో ఇండియా వాళ్ల ఉచ్చారణకు విడిగా ఒక ఎంపిక ఉంది, దాన్నే పెట్టాను. ఇంకో మాట. చాలామంది దీన్ని వాయిస్ టైపింగ్‌తో కలిపేసుకుంటారు. విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వచ్చే వాయిస్ టైపింగ్ మన మాటను అక్షరాలుగా మారుస్తుందంతే. ఫైలును కదపాలన్నా, తెర మీది కిటికీ (విండో) మూయాలన్నా కావలసింది వాయిస్ యాక్సెస్.

ఆమె చెప్పిన సమస్య

"ఫైళ్లు దొరకడం లేదు బాబూ" అన్నారు. "ఇదివరకు వెతికేదాన్నే కాదు. ఏది ఎక్కడుందో చెయ్యే పోయేది. ఇప్పుడు నోటితో చెప్పమంటే ఏం చెప్పాలో తెలియడం లేదు."

ఈ మాట ఆ రోజు విన్నాను గానీ, పట్టించుకోలేదు. నా కళ్లు తెర మీదే ఉన్నాయి. గోడకు చీటీలు అంటించినట్టు తెరంతా ఐకాన్లు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరిచి లెక్క చూస్తే 312. తెర మీద అన్ని పట్టడం లేదు, కొన్ని కనిపించడమే మానేశాయి. 40 దాకా ప్రోగ్రాముల షార్ట్‌కట్లు. వందకు కాస్త తక్కువగా స్క్రీన్‌షాట్లు, వాటి పేర్లన్నీ ఒకటే, చివర బ్రాకెట్లో అంకె తేడా. ఒకే రాతప్రతికి "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే". తెలుగు లిపిలో పేర్లున్నవి ఇంకో 30 వరకు.

చిందరవందరగా ఉంది కాబట్టి సర్దాలి, మౌస్ వాడకూడదు కాబట్టి మాటతో సర్దాలి. సమస్యను ఇలా రాసుకున్నాను. ఈ రాసుకోవడంలోనే తప్పు జరిగింది.

మొదటి ప్రయత్నం: నంబర్లు

వాయిస్ యాక్సెస్ నేర్పేటప్పుడు అందరం మొదట చూపించేది "షో నంబర్స్". ఆ మాట అనగానే తెర మీద నొక్కగలిగే ప్రతిదాని మీదా ఒక అంకె పడుతుంది. "క్లిక్ 12" అంటే పన్నెండో దాన్ని నొక్కుతుంది. కొత్తవాళ్లకు ధైర్యం ఇచ్చే ఆజ్ఞ ఇది, పేరు తెలియకపోయినా పని అవుతుంది. అందుకే దీనితో మొదలుపెట్టాను.

ఐకాన్లు 20 ఉన్న తెర మీద ఇది చక్కగా ఉంటుంది. ఆమె తెర మీద 200 పైగా అంకెలు ఒక్కసారి లేచాయి. మూడంకెల చీటీలు ఫైళ్ల పేర్లను కప్పేశాయి. పేరు చదవాలంటే "హైడ్ నంబర్స్" అనాలి, చదివాక మళ్లీ "షో నంబర్స్" అనాలి. ఇంతా చేసి ఒక ఫైలును తీసి ఫోల్డర్‌లో వేశామా, మిగతా వాటి అంకెలు మారిపోతాయి. ఆమె 147ను గుర్తుపెట్టుకుని, ఇంకో పని చూసి వచ్చేసరికి ఆ అంకె కింద వేరే ఫైలు ఉంది. "వన్ ఫార్టీ సెవెన్" అంటే ఒక్కోసారి 47ను అందుకునేది. పొరపాటున తెరుచుకున్న ఫైలు మూయడానికి ఇంకో రెండు ఆజ్ఞలు.

40 నిమిషాలు కూర్చున్నాం. 11 ఫైళ్లు కదిలాయి. ఆమె మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి అంకెలు చూస్తున్నారు. చేతుల నొప్పి తగ్గించడానికి వచ్చి మెడనొప్పి ఇచ్చేలా ఉన్నామని ఆపేశాను.

రెండోది: గ్రిడ్

అంకెలు గజిబిజి చేస్తున్నాయి కదా, మౌస్‌లాగే లాగేద్దాం అనుకున్నాను. "షో గ్రిడ్" అంటే తెర తొమ్మిది గళ్లవుతుంది. ఒక గడి అంకె చెబితే అది మళ్లీ తొమ్మిదవుతుంది. కావలసిన చోటికి చేరాక "మార్క్" అని గుర్తు పెట్టి, చేరవేయాల్సిన చోట "డ్రాగ్" అంటే లాగి వదులుతుంది. మౌస్‌తో అలవాటైన పనికి ఇది దగ్గరగా ఉంటుంది, ఆమెకు పాత పద్ధతి తిరిగి వచ్చినట్టు ఉంటుందని నా ఆలోచన.

మూడోసారి ప్రయత్నించినప్పుడు జరిగింది చెబుతాను. ఆరు డాక్యుమెంట్లు సెలెక్ట్ చేసి లాగాం. ఫోల్డర్ ఐకాన్ పక్కనే రైటింగ్ ప్రోగ్రాం షార్ట్‌కట్ ఉంది. గడి ఒక వేలెడు తేడా పడింది, ఫైళ్లు ఆ షార్ట్‌కట్ మీద పడ్డాయి. విండోస్‌లో ఫైలును ప్రోగ్రాం ఐకాన్ మీద వదిలితే ఆ ప్రోగ్రాంలో తెరవమని అర్థం. ఆరు రాతప్రతులు ఒకదాని మీద ఒకటి తెరుచుకున్నాయి. వాటిలో ఒకటి మర్నాడు ఇవ్వాల్సిన పని. ఆమె మొహం పాలిపోయింది. "దానికేం కాలేదు కదా?" అని మూడుసార్లు అడిగారు. ఏమీ కాలేదు. కానీ ఆ భయం ఆ రోజంతా ఉంది.

ఆ సాయంత్రం రాసుకున్న నోట్సులో ఒక వాక్యం ఉంది: "వేలు చూపించే పనిని నోటితో చేయిస్తున్నాను." చూపించడం చేతి పని. ఒక బిందువు దగ్గరికి నోటితో వెళ్లాలంటే ఐదు మాటలు పడతాయి, ఐదింటిలో ఒకటి తప్పినా గురి తప్పుతుంది. పేరు పెట్టి పిలవడం, "ఇవన్నీ" అని గుంపుగా అనడం నోటికి సులువు. నేను దాని బలాన్ని వదిలేసి బలహీనత మీద పని పెట్టాను.

గొంతు, ఇంకో చిన్న ప్రమాదం

రెండో సెషన్ అయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆజ్ఞ తప్పినప్పుడల్లా మనం తెలియకుండానే గొంతు పెంచుతాం, మాటను ముక్కలు చేసి ఒత్తి పలుకుతాం. చెవి సరిగా వినపడని వాళ్లతో మాట్లాడినట్టు. యంత్రానికి ఇది ఉపకారం కాదు, అపకారం. మామూలుగా మాట్లాడే మాటతోనే అది తర్ఫీదు పొందింది. ఒత్తి పలికితే ఇంకా తప్పుతుంది, తప్పితే మనం ఇంకా ఒత్తుతాం. చేతి నొప్పితో మాటకు మారినవాళ్లు గొంతు పాడుచేసుకోవడం ఈ రంగంలో తెలిసిన సంగతే. నేను దాన్ని మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆ తర్వాత పాటించినవి: నోటికి కాస్త పక్కగా ఉండే హెడ్‌సెట్ మైకు, ఒక్క ఊపిరిలో పూర్తి ఆజ్ఞ, 20 నిమిషాలకు మించి కూర్చోకపోవడం, పక్కన నీళ్లు. ఒకే ఆజ్ఞ రెండుసార్లు తప్పితే మూడోసారి అనకుండా వేరే దారి చూడడం. ఈ చివరిది ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది.

చిన్న ప్రమాదం ఏమిటంటే, ఒక ఫైలు పేరు మార్చే మధ్యలో ఎవరో గదిలోకి వచ్చి పలకరించారు. ఆమె జవాబిచ్చారు. మైకు ఆన్‌లోనే ఉంది. ఒక ఫైలు పేరు అర్థంలేని ఇంగ్లిష్ ముక్కల వరసగా మారిపోయింది. "అన్‌డూ దట్" అంటే పోయింది గానీ, ఆ మాటల్లో "డిలీట్" లాంటిది దొర్లి ఉంటే ఏమయ్యేదని నాకు టెన్షన్ పట్టుకుంది. అప్పటినుంచి రెండు నియమాలు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు "వాయిస్ యాక్సెస్ స్లీప్", తిరిగి వచ్చాక "వాయిస్ యాక్సెస్ వేకప్". సర్దే పని చేసేటప్పుడు కమాండ్స్ మోడ్‌లోనే ఉండాలి, అందులో మాటలు అక్షరాలుగా పడవు. పేరు పెట్టేటప్పుడు మాత్రమే మామూలు మోడ్‌కు రావాలి.

మూడోది: నేను గీసిన ఫోల్డర్లు

దీని గురించి క్లుప్తంగా చెబుతాను. డాక్యుమెంట్లు, పీడీఎఫ్‌లు, బొమ్మలు, లెక్కల షీట్లు అని రకాన్ని బట్టి ఫోల్డర్లు పెట్టాను. చూడడానికి శుభ్రంగా ఉంది. మర్నాడే ఆమె ఫోన్ చేశారు. ఒక పుస్తకం పని అంటే రాతప్రతి డాక్యుమెంటులో, ప్రూఫు పీడీఎఫ్‌లో, బొమ్మలు వేరే, లెక్క ఇంకో షీటులో. ఒక్క పుస్తకం కోసం నాలుగు ఫోల్డర్లు తెరవాల్సి వచ్చింది, మాటతో. నేను ఫైళ్లను యంత్రం చూసినట్టు చూశాను, పని చేసే మనిషి చూసినట్టు చూడలేదు. ఆ ఫోల్డర్లు తీసేసి ఫైళ్లన్నీ మళ్లీ డెస్క్‌టాప్ మీదికే తెచ్చాను.

మలుపు

మూడో సెషన్‌లో మేం కూర్చుని ఉండగా ఆమెకు ఫోన్ వచ్చింది. అవతలివాళ్లు ఏదో ఫైలు గురించి అడుగుతున్నారు. ఆమె ఏమాత్రం తడుముకోకుండా అన్నారు: "ఆ పక్షుల పుస్తకం రెండో ప్రూఫేగా? బొమ్మలు మారినది? సాయంత్రానికి పంపిస్తానండి."

తెర మీద ఆ ఫైలు పేరు "స్కాన్0034".

అప్పుడు మొదటి రోజు ఆమె అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యే పోయేది అన్నారు. నేను చిందరవందర అనుకున్నది ఆమెకు పటం. ఎడమ పైన ఈ నెల పనులు, మధ్యలో జవాబు కోసం ఆగినవి, కుడి కింద అయిపోయినవి. ఏళ్ల తరబడి ఆ పటం ఆమె చేతిలో ఉంది, అందుకే పేర్లతో అవసరమే రాలేదు. చెయ్యి పక్కకు తప్పుకోగానే పటం పోయింది, పేర్లు ఎప్పుడూ లేవు. అసలు సమస్య ఫైళ్లు ఎక్కువ కావడం కాదు, వాటిని పిలవడానికి నోటికి ఏమీ దొరక్కపోవడం.

ఆమె దగ్గర పేర్లు లేకపోలేదు. ఫోన్‌లో దొర్లుతూనే ఉన్నాయి, తెర మీదికి రాలేదంతే. అక్కడి నుంచి ప్రతి ఫైలుకూ ఒకటే ప్రశ్న అడిగాను: "దీని గురించి ఫోన్‌లో ఎవరికైనా చెప్పాలంటే ఏమంటారు మేడమ్?"

పనిచేసిన పద్ధతి

ముందు రక్షణ. డెస్క్‌టాప్ ఫోల్డర్ మొత్తానికి బయటి డ్రైవ్‌లో ఒక కాపీ తీశాను. డెస్క్‌టాప్ క్లౌడ్‌తో, అంటే ఇంటర్నెట్‌లోని నిల్వతో, కలిసి ఉందేమో కూడా చూశాను, ఎందుకంటే అలా ఉంటే ఇక్కడ తీసేసింది అక్కడా పోతుంది. ఆమెకు లేదు. తర్వాత రీసైకిల్ బిన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, తీసేసేముందు అడిగే పెట్టెను ఆన్ చేశాను. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. చేత్తో పనిచేసేవాళ్లకు ఆ పెట్టె విసుగు. మాటతో పనిచేసేవాళ్లకు అది తలుపు గొళ్లెం, ఎందుకంటే ఒక్క మాట తప్పు వినబడినా ఫైలు పోదు, "క్లిక్ ఎస్" అని ఇంకో మాట అనాలి. పైగా మొదటి నెల ఏదీ తీసేయకూడదని ఒప్పందం చేసుకున్నాం. పనికిరానిది అనిపిస్తే పక్కకు జరపడమే.

రెండోది, డెస్క్‌టాప్ మీద పనిచేయడం మానేశాం. వినడానికి వింతగా ఉండొచ్చు. డెస్క్‌టాప్ అంటే కూడా ఒక ఫోల్డరే. దాన్ని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి, "ప్రెస్ కంట్రోల్ షిఫ్ట్ సిక్స్" అంటే అన్నీ వరసగా, ఒక్కో గీతకు ఒక్కో పేరుగా వస్తాయి. నంబర్లు వేసినా ఆ కిటికీలో కనిపించే వాటికే పడతాయి, 25 లోపే ఉంటాయి. "షో నంబర్స్ హియర్" అంటే ఆ ఒక్క కిటికీకే పరిమితం. మొదటి రోజు విఫలమైన ఆజ్ఞే ఇక్కడ హాయిగా పనిచేసింది. తప్పు ఆజ్ఞది కాదు, దాన్ని వాడిన చోటుది.

డెస్క్‌టాప్ మీది ఐకాన్లు కనపడకుండా చేశాను. ఖాళీ మీద కుడి క్లిక్, వ్యూ, అందులో షో డెస్క్‌టాప్ ఐకాన్స్ టిక్ తీసేయడం. ఆమె చేయి అలవాటుగా అటు పోకుండా ఉండాలని నా ఉద్దేశం. కానీ ముందు చెప్పకుండా చేశాను, అది తప్పు. తెర ఒక్కసారి ఖాళీ అయ్యేసరికి ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "అన్నీ పోయాయా?" అన్నారు. వెంటనే ఫోల్డర్ తెరిచి చూపించాను. 312 అలాగే ఉన్నాయని ఆమె తనకు తాను లెక్క చూసుకున్నాకే ముందుకు కదిలాం. ఇప్పుడైతే ఈ అడుగు వేసేముందు చెబుతాను, ఎలా వెనక్కి తేవాలో వాళ్లతోనే ఒకసారి చేయిస్తాను.

ఇక జల్లెడ. సార్ట్ మెనూలో గ్రూప్ బై, టైప్ అని పెడితే ఒకే రకం ఫైళ్లు ఒక శీర్షిక కిందికి చేరతాయి. ఆ శీర్షికను నొక్కితే కింద ఉన్నవన్నీ సెలెక్ట్ అవుతాయి. లేదా మొదటిదాన్ని క్లిక్ చేసి, "ప్రెస్ షిఫ్ట్ డౌన్" అని కావలసినన్ని సార్లు. షార్ట్‌కట్లన్నీ ఒక్క దెబ్బకు పక్కకు పోయాయి. షార్ట్‌కట్ అంటే ప్రోగ్రాం కాదు, దారి చూపే చీటీ మాత్రమే, జరిపినా ప్రోగ్రాంకు ఏమీ కాదని ఆమెకు ఒకటి చేసి చూపించాను. స్క్రీన్‌షాట్లు అన్నీ ఇంకో దెబ్బకు. రకాన్ని బట్టి సర్దడం అలమారాకు పనికిరాదని ముందే తెలిసింది. చెత్తను వడకట్టడానికి మాత్రం దానంత పదునైనది లేదు. లాగడం లేదు, "ప్రెస్ కంట్రోల్ ఎక్స్", ఫోల్డర్ తెరవడం, "ప్రెస్ కంట్రోల్ వీ", అంతే. 18 నిమిషాల్లో 312 కాస్తా 175 దాకా దిగింది.

తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేశాం. ఏడాదిగా ముట్టుకోనివన్నీ మొదటిదాన్ని క్లిక్ చేసి "ప్రెస్ షిఫ్ట్ ఎండ్" అంటే చివరిదాకా సెలెక్ట్ అయ్యాయి. వాటిని ఒకే ఫోల్డర్‌లో వేద్దామన్నాను. లోపల సర్దాల్సిన పని లేదు, అవసరం పడ్డప్పుడు ఒక్కటి పేరు మార్చి బయటికి తెచ్చుకుంటే చాలు. వందల ఫైళ్లకు ఇప్పుడే పేర్లు పెట్టుకుంటూ పోతే గొంతు మిగలదు. 60 దాకా ఇక్కడికి చేరాయి.

అటక

ఈ పాతవాటి ఫోల్డర్‌కు ఏం పేరు పెడదామంటే ఆమె "అటక" అన్నారు. ఎప్పుడైనా అక్కర పడవచ్చు, రోజూ చూడక్కర్లేదు. ఇంతకన్నా సరైన పేరు లేదు. కానీ ఇంగ్లిష్ వినే యంత్రానికి తెలుగు మాట ఎలా?

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ఏ పేరైనా మూడుసార్లు, మామూలు గొంతుతో, కాస్త విరామం ఇచ్చి అనిపిస్తాను. యంత్రం ఏం రాసిందో చూస్తాను. అంతవరకు నా నియమం, మూడుసార్లూ సరిగ్గా రాస్తేనే ఆ పేరు ఉంచాలి. "ప్రూఫ్స్" అంటే ఒకసారి ప్రూఫ్స్, ఒకసారి రూఫ్స్, ఒకసారి గ్రూప్స్ అని రాసింది. "డ్రాఫ్ట్స్" కూడా అంతే. రెండూ కొట్టేశాం.

"అటక" అన్నారు. "ఎటాక్" అని రాసింది. రెండోసారి, మూడోసారి కూడా "ఎటాక్" అనే రాసింది. నేను తల అడ్డంగా ఊపబోయాను. ఆమె, "మూడుసార్లూ ఒకటే రాసింది కదా బాబూ, ఆ పేరే పెట్టేస్తే?" అన్నారు.

నిజమే. ఫోల్డర్‌కు ఇంగ్లిష్‌లో "ఎటాక్" అని పేరు పెట్టాం. ఆమె "ఓపెన్" అని, ఆగకుండా అటక అంటారు, అది తెరుచుకుంటుంది. సరిగ్గా వినడం కాదు, ప్రతిసారీ ఒకేలా వినడం ముఖ్యం. ఇన్నేళ్లుగా నేను పెట్టుకున్న నియమాన్ని ఆమె ఒక్క మాటతో దిద్దారు, అది ఆమె వృత్తే కూడా. తెలుగు మాటలతో పిలుచుకోవాలనుకునే వాళ్లందరికీ ఇప్పుడు నేను ఇదే పద్ధతి నేర్పుతున్నాను. మన మాట దానికి ఎలా వినబడుతుందో చూసి, అది నిలకడగా ఉంటే ఆ వినబడినదాన్నే పేరుగా పెట్టడం. ఒక్క షరతు, అది ఇంకో ఆజ్ఞతో ఢీకొనకూడదు. ఆమె ఒక ఫోల్డర్‌కు "విండో" అని పెడదామన్నారు, "క్లోజ్ విండో" లాంటి ఆజ్ఞలతో గందరగోళం అవుతుందని వద్దన్నాను.

మిగతా ఫోల్డర్లు ఆమె పాత పటం లోంచే వచ్చాయి. ఎడమ పైన ఉండేవి "టుడే". మధ్యలో జవాబు కోసం ఆగినవి "వెయిటింగ్". కుడి కింద ఉండేవి "ఫినిష్డ్". అవి, అటక. నాలుగే. ఒక్కో పుస్తకానికి లోపల ఒక ఫోల్డర్, పేరు ఆమె ఫోన్‌లో అనేదే: "బర్డ్ బుక్". ఫైలు "బర్డ్ సెకండ్ ప్రూఫ్". తెలుగు లిపిలో ఉన్న పేర్లను అలాగే ఉంచి, వాటి ముందు ఒక ఇంగ్లిష్ మాట చేర్చాం. కంటికి తెలుగు, నోటికి ఆ మాట.

పేర్లలో తేదీ పెడదామని ఆమె అడిగారు. సాధారణంగా నేను ఏడాది, నెల, రోజు వరసలో తేదీ పెట్టమంటాను, పేరు ప్రకారం సార్ట్ చేస్తే కాలక్రమంలో వస్తాయి. ఇక్కడ వద్దన్నాను. తేదీని నోటితో చెప్పించడం శ్రమ, ఏటవాలు గీతను ఫైలు పేరులో విండోస్ ఒప్పుకోదు, ఎటూ తేదీ పక్క నిలువు వరసలో కనిపిస్తూనే ఉంది, ఫైలును జరిపితే అది మారదు కూడా. వాయిస్ యాక్సెస్ సెట్టింగ్స్‌లో తనంతట తానే విరామ చిహ్నాలు పెట్టే ఎంపిక కూడా ఆఫ్ చేశాను, పేరు చివర చుక్క చేరకుండా.

చివరిగా వాయిస్ షార్ట్‌కట్లు. కొన్ని పనులను వరసగా కట్టి ఒక్క మాటకు ముడివేసే సదుపాయం ఇది. కట్, ఫోల్డర్ తెరవడం, ఒక్క క్షణం ఆగడం, పేస్ట్: ఇవన్నీ కలిపి "మూవ్ వెయిటింగ్" అనే ఒక్క మాట చేశాం. ఫైలుకు ఆరేడు ఆజ్ఞలు పట్టేది రెండుకు దిగింది. మొదటిసారి కట్టినప్పుడు ఒక లోపం ఉండిపోయింది. ప్రతిసారీ కొత్త కిటికీ తెరుచుకుని అలాగే ఉండిపోతోంది, గంటకు 14 కిటికీలు పోగయ్యాయి. చివర ఆ కిటికీని మూసే అడుగు చేర్చాక సరిపోయింది. ఇంకోటి కూడా గమనించాలి. ఏదీ సెలెక్ట్ కాకుండా ఈ మాట అంటే, అంతకుముందు కాపీ చేసిన ఫైలేదైనా ఉంటే దాని నకలు అక్కడ పడుతుంది. అందుకే ముందు ఏ గీత నీలంగా ఉందో చూసి అప్పుడే అనాలని నేర్పాను.

నేర్చుకున్నవి

ఇప్పుడు కొత్తగా ఎవరు వచ్చినా మొదటి సెషన్‌లో కంప్యూటర్ ఆన్ చేయించను. కళ్లు మూసుకుని, మీ డెస్క్‌టాప్ మీద ఏం ఎక్కడుందో చెప్పండి అంటాను. చాలామంది చేత్తో గాలిలో చూపిస్తారు. ఆ చూపించడంలోనే వాళ్ల ఫోల్డర్లు ఉన్నాయి. నేను గీయాల్సినవి కావు. చిందరవందరగా కనిపించేదాన్ని చెరిపేముందు అది ఎవరి పటమో తెలుసుకోవాలి.

నంబర్లు, గ్రిడ్ నేర్పించడం మానలేదు. పేరులేని బటన్ ఎదురైనప్పుడు అవే దిక్కు. కానీ అవి ఆఖరి మెట్టు, మొదటిది కాదు. ముందు పేరు, తర్వాత గుంపు, ఆ తర్వాత కీబోర్డు మీటలను మాటతో నొక్కడం, ఏదీ కుదరకపోతే అప్పుడు నంబరు. ఒక్కో పనికి ఎన్ని మాటలు పడుతున్నాయో లెక్కపెట్టడం కూడా అలవాటు చేసుకున్నాను. చేతి పనిని నిమిషాల్లో కొలుస్తాం. నోటి పనిని మాటల్లో కొలవాలి, ఆ మనిషి గొంతు అంతే మోయగలదు.

పరిష్కారం కాని విషయం ఒకటుంది. ఈమెయిల్‌లో వచ్చే ఫైళ్ల పేర్లు పంపేవాళ్లు పెట్టినవి, నోటికి పలకనివి. అవి డెస్క్‌టాప్ మీద కాక ఒకే ఫోల్డర్‌లో పడేలా బ్రౌజర్‌లో మార్చాం గానీ, పేర్లు మార్చే పని రోజూ ఉంటుంది. ఆమె పొద్దున్నే గొంతు తాజాగా ఉన్నప్పుడు పది నిమిషాలు దానికి కేటాయిస్తున్నారు.

రెండు నెలల తర్వాత చూడడానికి వెళ్లాను. డెస్క్‌టాప్ ఐకాన్లు తిరిగి కనిపిస్తున్నాయి, తొమ్మిది. ఎడమ చేతికి ఆపరేషన్ తేదీ ఇచ్చారట. మాట్లాడుతుండగా ఫోన్ మోగింది, ఎవరో పాత పుస్తకం ఒకటి అడిగారు. ఆమె ఫోన్ చెవి నుంచి కాస్త దూరం పెట్టి, చేతులు ఒళ్లోనే ఉంచుకుని, "వాయిస్ యాక్సెస్ వేకప్. ఓపెన్ అటక" అన్నారు. ఫోల్డర్ తెరుచుకుంది. మైకును మళ్లీ నిద్రపుచ్చి ఫోన్‌లో చెప్పారు: "ఉందండి. దానికి పేరు పెట్టి బయటికి తీసి పంపిస్తాను, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి."